ఇంగ్లీషు పోగొట్టుకున్న 'నాకు'



మన పల్లెటూరి బడులలో పిల్లలు వ్రాసే ఇంగ్లీషులో ఒక జాతి పొరపాట్లు ఉన్నవి. "టు మీ హంగర్ ఈజ్ కమింగ్" అని వ్రాస్తారు. "టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్" అని వ్రాస్తారు. పదాలన్నీ ఇంగ్లీషువే, అక్షరక్రమం తప్పలేదు, అయినా ఇది ఇంగ్లీషు కాదు. ఎర్రసిరాతో దిద్దే ఉపాధ్యాయుడు "ఐ యామ్ హంగ్రీ" అని పైన వ్రాసి ముందుకు సాగిపోతాడు. తప్పు ఏ పదంలో ఉన్నదని పిల్లవాడు అడిగితే చూపించడానికి ఏ పదమూ దొరకదు. తప్పు పదంలో లేదు గనుక. అది పదాలను పోసిన అచ్చులో ఉన్నది.

ఈ అచ్చును గురించే ఈ టపా. వాక్యం యొక్క రూపం తనంత తానుగా ఒక అర్థాన్ని మోస్తుందా, లేక అర్థమంతా పదాలదేనా అన్నది పాత ప్రశ్న. మన మీమాంసకులు దీనిమీద రెండు పక్షాలుగా చీలినారు. పదాలు ముందు తమ తమ అర్థాలను చెప్పగా, తరువాత ఆ అర్థాలకు అన్వయం కుదురుతుందన్నది కుమారిల భట్టు మతం, అదే అభిహితాన్వయవాదం. అన్వయంతో కూడిన అర్థాన్నే పదం చెపుతుంది గాని విడిగా చెప్పదన్నది ప్రభాకరుని మతం, అదే అన్వితాభిధానవాదం. భర్తృహరి ఇంకా ముందుకు పోయి, వాక్యమే అఖండమైన అర్థవంతమని, పదవిభాగం బోధసౌకర్యం కోసం మనం చేసుకున్నదని అన్నాడు. పండిత శిక్షణలో దీనిని అలంకారశాస్త్రానికి అంగంగా చదువుకుంటాము. తరగతిగదిలో, పైగా ఇంగ్లీషు తరగతిలో, దానికి పని ఉన్నదని సాధారణంగా ఎవరికీ తోచదు.

ముందుగా మన భాషలోనే చూడండి.

నేను నవ్వినాను – నాకు నవ్వు వచ్చింది.
నేను ఏడ్చినాను – నాకు ఏడుపు వచ్చింది.
నేను భయపడినాను – నాకు భయం వేసింది.

ప్రతి జతలోనూ విషయం ఒక్కటే. నవ్వు అదే, ఏడుపు అదే, భయం అదే. అయినా మొదటి వరుసలో మనిషి పని చేసినట్టున్నది. రెండవ వరుసలో పని మనిషి మీదికి వచ్చిపడినట్టున్నది. సభలో నవ్విన విద్యార్థి "నాకు నవ్వు వచ్చింది సార్" అంటాడే గాని "నేను నవ్వినాను సార్" అని ఎందుకు అనడు? మొదటి వాక్యంలో క్షమాపణ ఇమిడి ఉన్నది. 'తన వశంలో లేనిది' అన్న అర్థం 'నవ్వు' అన్న పదంలో లేదు, 'వచ్చు' అన్న ధాతువులో లేదు, ఒంటరిగా 'కు' ప్రత్యయంలోనూ లేదు. ఈ మూడూ ఆ వరుసలో కూడినప్పుడు పుట్టిన అర్థం అది. ఆకలి, దాహం, నిద్ర, చలి, జ్వరం, సిగ్గు, కోపం, జ్ఞాపకం, ఇష్టం, సందేహం – మనిషికి కలిగేవాటిని, మనిషి చేయనివాటిని తెలుగు ఈ అచ్చులోనే పోస్తుంది.

ఇందులో 'నాకు' కర్తయా, కాదా? క్రియ దాని మాట వినదు. "నాకు చెమటలు పట్టినవి" అన్నప్పుడు క్రియ చెమటలను అనుసరించి బహువచనమైనది. "నాకు నువ్వు నచ్చినావు" అన్నప్పుడు క్రియ 'నువ్వు'ను అనుసరించింది. కాబట్టి రూపాన్ని బట్టి 'నాకు' కర్త కాదు. కాని "సీతకు తన తమ్ముడంటే ఇష్టం" అనండి. 'తన' అంటే ఎవరు? సీతయే. 'తన' అన్న సర్వనామం సామాన్యంగా కర్తను వెతుక్కుంటూ పోతుంది; ఇక్కడ 'కు' తగిలించుకున్న సీత దగ్గర ఆగింది. అంటే అర్థంలో సీత కర్త స్థానంలోనే కూర్చున్నది. రూపం ఒకటి, హోదా మరొకటి. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు దీనికి డేటివ్ సబ్జెక్టు అని పేరు పెట్టి, దక్షిణాసియా భాషలకు ఉమ్మడి లక్షణాలలో ఒకటిగా లెక్కించినారు. కాలిన్ మాసికా 1976లో ప్రచురించిన గ్రంథంలో దీనికి ముఖ్యమైన స్థానమే ఇచ్చినాడు.

మన పూర్వులు దీనిని గమనించలేదా అంటే, గమనించినారు. పాణిని సంప్రదాన కారకాన్ని నిర్ణయించేటప్పుడు దానం పుచ్చుకునేవానితో ఆగలేదు. రుచించడమనే అర్థమున్న ధాతువుల ప్రయోగంలో, ఎవరికి ప్రీతి కలుగుతున్నదో ఆ వ్యక్తిని కూడా సంప్రదానమే అన్నాడు. బాలునికి పాయసం రుచిస్తుంది అన్నప్పుడు బాలునికి ఎవరూ ఏమీ దానం చేయడం లేదు. అయినా ఆవుదానం అందుకున్న విప్రునికి ఏ విభక్తియో వానికీ అదే విభక్తి. ఒక రూపం, దానికి ఒక అర్థం, ఆ జత ఏ ధాతువులతో కుదురుతుందన్న నియమం – ఇవి మూడూ ఆ చిన్న విధిలో ఉన్నవి.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) పది పరిచ్ఛేదాలు: సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకములు. వాక్య పరిచ్ఛేదమన్న పేరుతో ఏదీ లేదు. వాక్యం గురించి చెప్పవలసినదానిలో చాలా భాగం కారక పరిచ్ఛేదంలో ఇమిడిపోయింది. అక్కడ విశేషమేమంటే, సంస్కృతంలో చతుర్థి చేసే పనిని తెలుగులో 'కు' చేస్తుండగా, మన విభక్తుల పట్టికలో 'కొఱకు, కై' చతుర్థి; 'కి, కు, యొక్క, లో, లోపల' షష్ఠి. తెల్లదొరల వ్యాకరణాలు మాత్రం 'కు'ను డేటివ్ అన్నవి. ఎవరిది ఒప్పు అని వాదించుకోవడం కంటే ఇద్దరూ ఏమి చూసినారో గ్రహించడం మేలు. "ఆయన నాకు తమ్ముడు" అన్నప్పుడు 'కు' సంబంధాన్ని చెపుతున్నది. షష్ఠి అనడంలో న్యాయమున్నది. "నాకు పుస్తకం ఇచ్చినాడు" అన్నప్పుడు పుచ్చుకొనేవానిని చెపుతున్నది. "నాకు ఆకలి" అన్నప్పుడు అనుభవించేవానిని చెపుతున్నది. ప్రత్యయం ఒక్కటే, అచ్చు మారినకొద్దీ అర్థం మారుతున్నది.

ఇక అసలు కథకు వస్తాను. ఈ 'నాకు' ఒకప్పుడు ఇంగ్లీషులో కూడా ఉండేది.

క్రీస్తుశకం వెయ్యి ప్రాంతాల ఇంగ్లీషు, అంటే ప్రాచీనాంగ్లం, మన భాషల వలెనే విభక్తి ప్రత్యయాలు కలిగిన భాష. అందులో ఆకలిగొన్నవాడు "నేను ఆకలిగా ఉన్నాను" అనడం కంటే "మే హ్యుంగ్రెథ్" అనడం సహజం. 'మే' అన్న రూపం ఆ కాలానికే నన్ను, నాకు రెంటికీ చాలినది. 'హ్యుంగ్రెథ్' అంటే ఆకలి అవుతున్నది అని. మక్కికి మక్కి "నాకు ఆకలవుతున్నది". కర్త అన్నదే లేని వాక్యం. నేటి 'లైక్' అన్న క్రియకు మూలమైన 'లీకియన్' ధాతువుకు ఇష్టపడు అని కాదు, 'నచ్చు' అని అర్థం. నచ్చిన వస్తువు కర్త, క్రియ దానిని అనుసరించేది. నచ్చినవాడు డేటివ్ విభక్తిలో ఉండేవాడు. "నాకు నువ్వు నచ్చినావు" అన్న మన వాక్యం ఆనాటి ఆంగ్లేయునికి ఏ వివరణా లేకుండా అర్థమయ్యేది. అట్లే 'థెన్కన్' అంటే ఆలోచించు, 'థ్యున్కన్' అంటే తోచు. నేను ఆలోచిస్తాను, నాకు తోస్తుంది – మనకున్న భేదమే వారికీ ఉండేది. రెండు ధాతువుల ఉచ్చారణలూ దగ్గరపడి, చివరికి 'థింక్' అన్న ఒక్క మాట మిగిలినది. షేక్స్పియర్ నాటకాలు చదివినవారికి 'మీథింక్స్' అన్న మాట తగిలే ఉంటుంది. నేను ఆలోచిస్తున్నాను అని కాదు, 'నాకు తోస్తున్నది' అని దాని అర్థం. పాత ఇంట్లో మిగిలిన ఒంటి స్తంభం అది.

ఆ అచ్చు ఎందుకు పోయినది? ప్రత్యయాలు పోయినవి గనుక. ఉత్తరాన నార్సు భాషీయులతో సాంగత్యం, పదాంతాలలోని అచ్చులు బలహీనపడడం, 1066 తరువాత నార్మనుల ఏలుబడిలో వ్రాతభాష పాత కట్టుబాట్లు సడలడం – ఇన్ని కారణాలతో నామవాచకాల చివర విభక్తి గుర్తులు అరిగిపోయినవి. రాజునకు బేరిపండ్లు నచ్చినవి అన్న వాక్యంలోనుంచి 'నకు' తీసివేయండి. రాజు – నచ్చు – బేరిపండ్లు అని మూడు మాటలు వరుసగా మిగులుతవి. క్రియకు ముందున్నది కర్త అన్న అలవాటు అప్పటికే బలపడుతున్నది. వినేవాడు రాజును కర్తగా లెక్కించినాడు. రాజు కర్త అయిన క్షణాన క్రియకు అర్థం మారక తప్పదు. 'నచ్చు' పోయి 'ఇష్టపడు' అయినది. సర్వనామాలలో 'మీ', 'ఐ' భేదం మిగిలే ఉన్నా, నామవాచకాల దారినే అవీ నడిచినవి. 'మీ' తప్పుకుని 'ఐ' వచ్చి కూర్చున్నది. ఇది ఒక్కనాటి పని కాదు, శతాబ్దాల పని. పదహారవ శతాబ్ది ముగిసేనాటికి ఆ అచ్చు దాదాపు అంతరించినది. ఎవరూ నిషేధించలేదు, ఏ వ్యాకర్తా సూత్రం వ్రాయలేదు. రూపం సడలినప్పుడు దానితో ముడిపడిన అర్థం వేరే ఇల్లు వెతుక్కున్నది.

పూర్తిగా పోయినదా అంటే అదీ కాదు. "గివ్ మీ ద బుక్" అన్నప్పుడు క్రియను ఆనుకుని ఉన్న 'మీ' పాత డేటివ్ వారసురాలే. ప్రత్యయం పోయి స్థానం మిగిలినది. ఆ స్థానం ఇప్పటికీ 'పుచ్చుకొనేవాడు' అన్న అర్థాన్ని కాపాడుతున్నది. సుజాతకు ఉత్తరం పంపినాను అనడానికి "ఐ సెంట్ సుజాత ఎ లెటర్" అనవచ్చు. హైదరాబాదుకు ఉత్తరం పంపినాను అనడానికి "ఐ సెంట్ హైదరాబాద్ ఎ లెటర్" అంటే కుదరదు. హైదరాబాదు అంటే అక్కడి కార్యాలయమో, అక్కడి మనుషులో అయితే తప్ప. ఊరు గమ్యమే గాని పుచ్చుకొనేది కాదు. తెలుగులో రెంటికీ 'కు'యే చాలును. ఈ-మెయిల్ అన్న క్రియ నిన్నమొన్న పుట్టినది. అయినా "షి ఈ-మెయిల్డ్ మీ ద లిస్ట్" అని మొదటిసారి విన్నవానికి జాబితా తన చేతికి వచ్చినదని ఎవరూ చెప్పనక్కరలేకపోయినది. క్రియ కొత్తదైనా అచ్చు పాతది; ఇచ్చుట అన్న అర్థాన్ని అచ్చే చెప్పినది.

మరొక అవశేషం కూడా చెప్పి ముందుకు పోతాను. "ద మోర్ యు రీడ్, ద మోర్ యు నో" అన్నప్పుడు ఆ 'ద' ఏమిటని పిల్లలు అడుగుతారు. అది మనం ఆర్టికల్ పాఠంలో చెప్పే 'ద' కాదు. ప్రాచీనాంగ్లంలోని నిర్దేశక సర్వనామపు తృతీయా రూపం అరిగి అట్లా అయినది. 'ఎంత చదివితే అంత తెలుస్తుంది' అన్న మన ఎంత–అంత జతకు అది సమానం. విడదీసి పదాల అర్థం చెప్పబోతే చిక్కు. జతగా చెపితే ఐదవ తరగతి పిల్లవానికి కూడా తెలుస్తుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాము. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కొత్త జిల్లాలైనవి. అంతకుముందు వీటిలో చాలా భాగం ఉమ్మడి వరంగల్లు జిల్లా. మహబూబాబాద్ జిల్లా కురవిలో పదవ శతాబ్ది నాటిదిగా చెప్పే ప్రసిద్ధమైన కొరవి శాసనం ఉన్నది. పద్యం కాక వచనంలో నడిచిన ప్రాచీన తెలుగుకు అది అపురూపమైన సాక్ష్యం. దానిని వ్రాసినవాడు 'నకు' ప్రత్యయాన్ని వాడినాడు. అంటే, సముద్రాలకు ఆవల ఆంగ్లేయుడు 'మే హ్యుంగ్రెథ్' అంటున్న రోజులలోనే ఇక్కడ కురవిలో 'నకు' రాతికెక్కినది. వెయ్యేండ్లు గడిచినవి. వారిది పోయినది, మనది నిలిచినది.

జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని ఊరు, బమ్మెర పోతన ఊరు. సోమనాథుడు చెప్పుకున్న జాను తెనుగును మనం సాధారణంగా మాటల ఎంపికగా భావిస్తాము: సంస్కృత పదాలు తగ్గించి దేశి పదాలు పెంచడమని. మాటలకంటే లోతైన జానుతనం అచ్చులో ఉన్నదని నా అభిప్రాయం. మాటలన్నీ తత్సమాలైనా అచ్చు తెలుగుదైతే వాక్యం తెలుగుగానే వినిపిస్తుంది. ఇది పరీక్షించడానికి కావ్యాల దాకా పోనక్కరలేదు. జనగామ బస్టాండులో కళాశాల పిల్లల మాటలు వినండి. "నాకు టెన్షన్ వస్తుంది", "నాకు బోర్ కొడుతుంది", "నాకు డౌట్ ఉంది". మాట ఇంగ్లీషుది, అచ్చు కొరవి శాసనం నాటిది. "ఐ యామ్ బోర్డ్" అన్న వాక్యంలోనుంచి 'బోర్' అన్న మాటను మాత్రం ఊడబెరికి, 'ఐ యామ్'ను అక్కడే వదిలేసి వచ్చినారు. భాష దేనిని అప్పు తెచ్చుకుంటుందో, దేనిని తెచ్చుకోదో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

నిజాం కాలంలో ఇక్కడ చదువు ఉర్దూలో సాగినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష కూడా అదే. ఉర్దూ మన కుటుంబపు భాష కాదు. అయినా అందులో ఆకలి వేసినవాడు "ముఝే భూక్ లగీ హై" అంటాడు. 'ముఝే' అంటే నాకు. తెలుగు పిల్లవాడు ఉర్దూ నేర్చినప్పుడు మాటలు మార్చుకుంటే సరిపోయినది, అచ్చు మార్చుకోనక్కరలేదు. ఇంగ్లీషు వచ్చినప్పుడు మాటలతోపాటు అచ్చునూ మార్చుకోవలసి వచ్చినది. ఈ రెండవ భారం ఉన్నదని పిల్లవానికి ఎవరూ చెప్పలేదు.

చెప్పడానికి ప్రయత్నం జరగలేదని కాదు. హెరాల్డ్ పామర్ 1922లో జపానుకు పోయి ఇంగ్లీషు బోధనపై పరిశోధన చేసినాడు. ఆ బాటలోనే ఏ.ఎస్. హార్న్‌బీ ఇంగ్లీషు క్రియలు నడిచే అచ్చులను 25గా లెక్కగట్టి, 1942లో తోక్యోలో వెలువడిన నిఘంటువులో పొందుపరచినాడు. మన దేశంలో స్ట్రక్చరల్ పద్ధతి పేరుతో ఈ ఆలోచన పాఠ్యప్రణాళికలలోకి వచ్చినది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (నేటి ఇఫ్లూ) వెలసినది. అచ్చును బోధించాలన్న మూలసూత్రం సరైనదే. కాని తరగతిగదికి చేరేసరికి అచ్చు మిగిలి అర్థం జారిపోయినది. నల్లబల్లమీద పట్టిక గీసి, మాటలు మార్చి మార్చి నలభైమంది చేత వల్లె వేయించడం పాఠమైనది. "దిస్ ఈజ్ ఎ పెన్" అని పెన్నును చూస్తూ చూస్తూ ఎవరు ఎవరికి చెపుతారు? ఈ వల్లెవేత మీద అసంతృప్తితోనే ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు దక్షిణాది బడులలో వేరు ప్రయోగం చేసినాడు.

రూపాన్నీ అర్థాన్నీ తిరిగి ఒక్కచోట కట్టిన పని భాషాశాస్త్రంలో జరిగినది. చార్లెస్ ఫిల్మోర్ 1968లో వ్రాసిన వ్యాసంలో ఇంగ్లీషు వాక్యాల వెనుక కర్త, అనుభోక్త, కరణం వంటి అర్థసంబంధాలను చూపినాడు. మన కారకాలు చదివినవారికి అది కొత్త చుట్టం కాదు. ఆయనే 1988లో పాల్ కే, మేరీ కేథరిన్ ఓకానర్‌లతో కలసి 'లెట్ అలోన్' వంటి పలుకుబడులను పరిశీలించి, భాషలో ఇవి అంచున మిగిలిన వింతలు కావనీ, రూపార్థాల జతలుగా వ్యాకరణంలోనే చోటున్నవనీ చూపినాడు. 1995లో అడేల్ గోల్డ్‌బర్గ్ తన గ్రంథంలో ఈ మాటను సామాన్య వాక్యాలకూ విస్తరింపజేసింది. తెలుగులో 1975లో చేకూరి రామారావుగారి 'తెలుగు వాక్యం', 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ గార్ల ఆధునిక తెలుగు వ్యాకరణం వాక్యాన్ని కేంద్రంగా నిలిపినవి. ఆ వెలుగు మన పాఠశాల వ్యాకరణాలకు తగినంతగా చేరలేదు.

ఇందులో పోయేదేమున్నదని అడగవచ్చు. పోయేవి రెండు ఉన్నవి.

ఒకటి పిల్లల చదువు. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినారు. మహబూబాబాద్ తండాలలో ఇంట లంబాడీ, భూపాలపల్లి అడవి పల్లెలలో ఇంట కోయ మాట్లాడే పిల్లలు కూడా అందులో ఉన్నారు. "టు మీ హంగర్ ఈజ్ కమింగ్" అన్న పిల్లవానికి తెలివి తక్కువ కాదు. వాడు తన భాషలోని అనుభవాన్ని నమ్మకంగా మోసుకొచ్చినాడు. "మనం ఆకలిని మీదికి వచ్చేదిగా చెపుతాము, ఇంగ్లీషువాడు మనిషి స్థితిగా చెపుతాడు, వాడూ ఒకప్పుడు మనవలెనే చెప్పేవాడు" అని ఒక్క పూట చెపితే, ఎర్రసిరా కంటే అది బాగా పనిచేస్తుంది.

రెండవది తెలుగే. ఈమధ్య అనువాదాలలో "ఆయన ఇద్దరు కుమారులను కలిగి ఉన్నాడు", "నేను ఈ రంగును ఇష్టపడుతున్నాను" వంటి వాక్యాలు తరచు కనిపిస్తున్నవి. యంత్రానువాదాలు వచ్చినాక ఇంకా పెరిగినవి. ఆయనకు ఇద్దరు కొడుకులు. నాకు ఈ రంగు నచ్చింది – ఇంతే కదా తెలుగు! కొడుకులు ఉంటే 'కు' అంటాము, జేబులో పది రూపాయలుంటే 'దగ్గర' అంటాము. 'హ్యావ్' అన్న ఒక్క మాట ఆ భేదాన్ని మింగింది. 'కలిగి ఉన్నాడు' అన్నది కొడుకులనూ రూపాయలనూ ఒకే జేబులో వేస్తున్నది. మాటలలో ఒక్కటీ ఇంగ్లీషు లేదు గనుక శుద్ధమైన తెలుగు అనుకుని దాటిపోతాము. 'బోర్ కొడుతుంది' అన్న పిల్లవానిని భాష చెడగొడుతున్నాడని మందలిస్తాము. అచ్చు లెక్కన చూస్తే ఆ పిల్లవాడే తెలుగు మాట్లాడుతున్నాడు.

మిత్రులకు ఒక మనవి. 'పరుగే పరుగు', 'తినీ తినక', 'పులీ గిలీ', 'పోతే పోయింది' – ఇవన్నీ ఇటువంటి అచ్చులే. పదాల నిఘంటువులు మనకు చాలినన్ని ఉన్నవి, అచ్చుల పట్టిక మాత్రం ఇంకా పెరగవలసి ఉన్నది. మీ ఇంట్లో, మీ ఊళ్లో వినబడే ఇటువంటి వాక్యాలను, ఏ సందర్భంలో ఏ అర్థంలో అంటారో ఆ వివరంతో సహా వ్యాఖ్యలలో వ్రాయండి. ఊరి పేరు కూడా చేర్చితే మరీ మంచిది. వచ్చినవాటిని అర్థాల వారీగా వర్గీకరించి మరొక టపాగా మీ ముందుంచుతాను.